మబ్బు చూసి యూరియా సంచి విప్పకండి

వాన పడుతుందన్న సూచన ఉన్న రోజు యూరియా చల్లకండి. వాన వెలిశాక పొలంలో నీళ్లు నిలిచి ఉన్నప్పుడూ చల్లకండి. వికారాబాద్, తాండూరు చుట్టుపక్కల యాసంగి పంట వేసిన ప్రతి రైతూ ఈ రెండు మాటలు వెంటనే చెవిన వేసుకోవాలి. కారణాలు తీరిగ్గా చదవొచ్చు. సంచి ఇప్పటికే చేని గట్టు మీదికి చేరి ఉంటే మాత్రం ముందు దాన్ని ఇంటికి తెచ్చుకోండి.

సంక్రాంతి దాటింది మొదలు ఉగాది దాకా మన జిల్లాలో ఆకాశాన్ని నమ్మలేం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. పోయేముందు అది వానను వెంటబెట్టుకొచ్చిన ఏళ్లు కూడా ఉన్నాయి. 2023 మార్చి 16న మర్పల్లి మండలంలో పడ్డ రాళ్లవానను ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. రోడ్లూ చేలూ తెల్లటి గడ్డలతో నిండిపోయిన ఫోటోలు రాష్ట్రమంతా తిరిగాయి. చేతికొచ్చిన పంట నేలపాలైంది. ఆ వానను ఆపడం ఎవరి తరమూ కాదు. అయితే అలాంటి వానకు ముందు రోజో, మర్నాడో మన చేత్తో మనం చేసుకునే నష్టం ఒకటుంది. దానికి పరిహారం రాదు, దాన్ని లెక్కగట్టడానికి ఏ అధికారీ రాడు. ఈ హెచ్చరిక దాని గురించే.

ఊళ్లలో మాట తెలిసిందే. “మబ్బు పట్టింది, యూరియా కొట్టు.” వానాకాలంలో మెట్ట చేలకు ఈ మాటలో కొంత అర్థముంది. ఎండిన నేల మీద చల్లిన యూరియాను చిన్న జల్లు లోపలికి దించుతుంది, ఆవిరై పోకుండా కాపాడుతుంది. నేల వెచ్చగా ఉంటుంది, వేరు ఆకలి మీద ఉంటుంది, పైరు నాలుగు రోజుల్లో పచ్చబడుతుంది. ఆ అనుభవాన్నే మాఘమాసంలోకీ మోసుకొచ్చాం. ఇక్కడే దెబ్బ తింటున్నాం. మాఘంలో మబ్బు వేరు, నేల వేరు, మొక్క ఉన్న స్థితి వేరు.

మన జిల్లాలో చలి తక్కువేమీ కాదు. అనంతగిరి గట్టు మీది వికారాబాద్ సముద్ర మట్టానికి ఆరు వందల మీటర్ల పైన ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఒక్కో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగిపోతుంది. అంత చలిలో వేరు సగం నిద్రలో ఉంటుంది. నేలలో సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. ఇక ముసురు పడితే ఎండ ఉండదు, ఆకు పిండిపదార్థం తయారు చేసుకోలేదు. నీళ్లు నిలిస్తే వేరుకు గాలి ఆడదు. చలి, చీకటి, ఊపిరాడని వేరు. ఈ మూడూ కలిసిన రోజున మొక్క ముందు యూరియా కుమ్మరించడం జ్వరంతో మూసిన కన్ను తెరవని మనిషి ముందు బిర్యానీ పళ్లెం పెట్టడమే. మనిషి తినకపోతే పళ్లెం తీసి దాచొచ్చు. యూరియాను మాత్రం తిరిగి ఎత్తుకోలేం.

అది ఎటు పోతుందో తెలుసుకుంటే చెయ్యి దానంతటదే ఆగుతుంది. యూరియా గుళిక నీటిలో కరిగాక వెంటనే మొక్కకు ఆహారం కాదు. నేలలోని ఎంజైము దాన్ని అమ్మోనియం రూపంలోకి మార్చాలి. వెచ్చని నేలలో దీనికి రెండు మూడు రోజులు చాలు, చల్లటి నేలలో ఇంకా ఎక్కువ పడుతుంది. అమ్మోనియం అయ్యాక బంకమన్ను దాన్ని పట్టి ఉంచుతుంది. మారకముందు యూరియాను ఏ మన్నూ పట్టుకోలేదు. నీరు ఎటు పారితే అటే వెళ్తుంది. అంటే చల్లిన మొదటి రెండు మూడు రోజులే అసలు గండం. సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్ద వాన పడేలా చూసుకుని మరీ చల్లుతున్నాం.

ఆ తర్వాత నేలను బట్టి నష్టం మారుతుంది. మర్పల్లి, మోమిన్‌పేట, వికారాబాద్ వైపు ఎర్రచెల్కల్లో నీరు చకచకా కిందికి దిగిపోతుంది. నైట్రేటుగా మారిన నత్రజని వేరు అందుకోలేనంత లోతుకు దానితోపాటే జారిపోతుంది. తాండూరు, బషీరాబాద్, యాలాల వైపు నల్లరేగడిలో నీరు దిగదు, నిలుస్తుంది. గాలి అందని ఆ బురదలో బాక్టీరియా నైట్రేటును విరగ్గొట్టి వాయువుగా మార్చి ఆకాశంలోకి వదిలేస్తుంది. క్షారగుణం ఉన్న రేగడి మీద యూరియాను పైపైన చల్లి వదిలేసినా, వాన రాకపోతే అమ్మోనియా ఆవిరై పోతుంది. చెల్కలో కిందికి, రేగడిలో పైకి. దారి ఏదైనా సంచి ఖాళీ అవుతుంది, పైరు ఖాళీగానే ఉంటుంది. మంచి పరిస్థితుల్లోనే వరికి వేసిన నత్రజనిలో మొక్కకు దక్కేది మూడో వంతు నుంచి నలభై శాతం వరకేనని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. ముసురులో చల్లితే ఆ కాస్త కూడా దక్కదు.

45 కిలోల సంచి 266 రూపాయల 50 పైసలే కదా, పోతే పోయిందిలే అనుకునేవాళ్లు ఉంటారు. పోయేది సంచి ఒక్కటే అయితే ఈ సంపాదకీయం అవసరం లేదు.

చలికాలం చివర వరి మడి పసుపు తిరగడం మన దగ్గర మామూలు. రైతు దుకాణానికి పోతాడు. “అన్నా, వరి పచ్చబడ్తలేదు.” “ఇంకో సంచి ఎయ్యి పటేలా.” సంభాషణ అక్కడితో అయిపోతుంది. ఈ రెండు వాక్యాలు మన జిల్లాలో ఎన్ని ఎకరాలను దెబ్బతీశాయో ఎవరూ లెక్క రాయలేదు. పసుపుకు కారణాలు నాలుగైదు ఉన్నాయి, యూరియా వాటిలో ఒక్కదానికే మందు.

నత్రజని చాలకపోతే ముందుగా ముదురు ఆకులు, అంటే కింది ఆకులు, ఆకంతా ఒకేలా పాలిపోతాయి. మొక్క తన పాత ఆకుల్లోని నత్రజనిని లాగి కొత్త ఆకుకు ఇస్తుంది కాబట్టి పైన లేతాకు పచ్చగానే ఉంటుంది. ఇది ఒక గుర్తు. జింకు లోపమైతే చూపు వేరు. పై నుంచి మూడు నాలుగు ఆకుల్లో మధ్య ఈనె మొదలు దగ్గర పాలిపోతుంది. ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఆకు పెళుసుగా మారి, వంచితే శబ్దం చేస్తూ విరుగుతుంది. పైరు గిడసబారి దుబ్బు కట్టదు. యూరియా ఎంత వేసినా పచ్చబడదు. చలిలో, నీరు ఎడతెగక నిలిచే మడిలో, భాస్వరం అతిగా వేసిన చోట జింకు మొక్కకు అందకుండా పోతుంది. అలాంటి మడికి మందు లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేటు. ఐదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి. దాన్ని డీఏపీతో గానీ, పురుగుమందులతో గానీ కలపకూడదు. రెండు కార్లూ వరే వేసే బోరు కింది మడుల్లో యాసంగి ఆఖరి దమ్ములోనే ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేటు వేసి ఉంటే ఈ బాధే రాదు. అది ఇప్పుడు చేసేది కాదు, వచ్చే యాసంగికి రాసిపెట్టుకోండి.

రేగడి మీద వేరుశనగకు, కూరగాయలకు వచ్చే పసుపు ఇంకో రకం. లేతాకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. ఇది ఇనుము లోపం. సున్నం ఎక్కువ ఉన్న నేల తడిసి చల్లబడ్డప్పుడు బయటపడుతుంది. నాపరాతి గనుల మధ్య సాగు చేసే తాండూరు రైతుకు తన నేలలో సున్నం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకు మీద కొడితే సరిపోతుంది. మొక్కజొన్నలో లేత మొక్కల ఆకులు ఊదా రంగుకు తిరిగితే అది భాస్వరం అందడం లేదన్న గుర్తు. నేలలో భాస్వరం ఉన్నా చల్లటి వేరు దాన్ని లాగలేకపోవచ్చు. నాలుగు రోజులు ఎండ కాస్తే చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. ఇక నీళ్లు నిలిచి వేరు కుళ్లడం వల్ల వచ్చే పసుపు ఉంది. దానికి మందు పార, కాలువ.

అందుకే ఇంకో సంచి కొనే ముందు ఒక మొక్కను వేరుతో సహా పీకి చూడండి. తెల్లటి కొత్త వేరు కనిపిస్తే మొక్క తినగలిగే స్థితిలో ఉన్నట్టు. వేరు నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసన కొడితే మడి ఆరబెట్టాలి. అంతవరకు ఏ ఎరువూ వద్దు.

పసుపు పోవాలని ముసురులో యూరియా వేస్తే జరిగే రెండో అనర్థం అగ్గి తెగులు. రాత్రి చలి, తెల్లవారుజామున మంచు, పగలు మబ్బు, ఆకులో పొంగిన నత్రజని. అగ్గి తెగులు శిలీంద్రానికి ఇంతకంటే అనువైన కాలం లేదు. యాసంగి చలిని తట్టుకుంటుందని మన రైతులు ఇష్టపడే తెల్లహంసకు ఈ తెగులును తట్టుకునే శక్తి లేదు. నూలుకండె ఆకారంలో మచ్చలు, మధ్యలో బూడిద రంగు కనిపించిన రోజే నత్రజని పూర్తిగా ఆపేయాలి. ట్రైసైక్లజోల్ లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున పిచికారీ చేసి, తెగులు అదుపులోకి వచ్చాకే మిగిలిన దఫా గురించి ఆలోచించాలి. మందు కొడుతూనే మరోపక్క యూరియా చల్లే మడులు కనిపిస్తూనే ఉంటాయి. తెగులుకు తిండి పెడుతూ దాన్ని చంపాలనుకోవడం ఏం లెక్కో అర్థం కాదు.

శనగ రైతులకు ఇంకా సూటిగా చెప్పాలి. శనగకు పైపాటుగా యూరియా అక్కర్లేదు. ఎకరాకు దాని అవసరం 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం. విత్తేటప్పుడు వేసిన ఒక్క డీఏపీ సంచిలోనే 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉన్నాయి. మిగతా నత్రజనిని వేరు బుడిపెల్లోని రైజోబియం గాలి నుంచి తెచ్చిపెడుతుంది. పైనుంచి యూరియా పడితే ఆ బుడిపెలు పని మానేస్తాయి. మబ్బు, చలి ఉన్నప్పుడు శనగలో పూత ఎలాగూ రాలుతుంది. దాన్ని చూసి కంగారుపడి యూరియా వేస్తే చేను గుబురుగా పెరిగి, లోపల గాలి ఆడక, బూడిద రంగు బూజు తెగులు పడుతుంది. చేను చూడ్డానికి బాగుంటుంది. కాయ ఉండదు. 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కందికి కూడా ఇదే సూత్రం. ఆ పప్పుకు పేరు తెచ్చింది ఇక్కడి రేగడి. ఏ కాలంలోనూ యూరియా సంచులు కావు.

నిల్వ తేమ మీద పండే జొన్నకూ, కుసుమకూ మందు అంతా విత్తే ముందే పడి ఉండాలి. ఇప్పుడు వాన పడింది కదా అని మరో దఫా వేస్తే కుసుమకు పేనుబంక పిలిచినట్టు వస్తుంది. ఉల్లిలో గడ్డ ఊరే దశలో నత్రజని వేస్తే మెడ లావై, నిల్వలో కుళ్లుతుంది. వీటి గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. వద్దంటే వద్దు.

మరి వేయాల్సింది ఎప్పుడు, ఏది? వరి సంగతి చూద్దాం. యాసంగి వరికి ఎకరాకు సుమారు 48 కిలోల నత్రజని చాలు. ఒక డీఏపీ సంచి అడుగు మందుగా వేసి ఉంటే అందులో 9 కిలోలు వచ్చేశాయి. మిగిలిన 39 కిలోలకు రెండు యూరియా సంచులు కూడా పూర్తిగా అక్కర్లేదు, ఎందుకంటే ఒక్కో సంచిలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. మూడు సంచులు దాటించేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. ఈ నత్రజనిని నాటేముందు, దుబ్బు చేసేటప్పుడు, అంకురం దశలో మూడు దఫాలుగా ఇవ్వాలి. దఫా వేసే రోజు మడిలో నీరు తీసేసి, బురద పదునులో సమానంగా చల్లి, 36 నుంచి 48 గంటలు ఆగి పలుచగా నీరు పెట్టాలి. అంటే మీకు కావాల్సింది వాన లేని రెండు రోజులు. ఆ రెండు రోజులు దొరకకపోతే దఫాను వారం వెనక్కి జరపండి. పైరు చావదు. చెల్క నేలల్లో అంకురం దశలో సగం పొటాష్ కూడా కలిపి వేస్తే గింజ గట్టిపడుతుంది. చలికీ తెగుళ్లకీ తట్టుకునే శక్తి వస్తుంది. మన రైతు అన్నిటికంటే తక్కువ వాడేది పొటాషే.

డీఏపీని, 28-28-0ను, 20-20-0-13ను వరికి పైపాటుగా చల్లే అలవాటు కూడా ఆపాలి. భాస్వరం నేలలో కదలదు. వేరు దగ్గర దమ్ములోనే పడి ఉండాలి. పైన చల్లింది పైనే ఉండిపోతుంది, నాచు పెంచుతుంది, జింకును కట్టేస్తుంది. చలిలో భాస్వరం ఎక్కువ కావాల్సిన మాట నిజమే. దానికి చోటు నారుమడి. ఎకరాకు సరిపోయే ఐదు సెంట్ల తుకానికి మామూలుగా కిలో భాస్వరం వేస్తే చలి ప్రాంతాల్లో దాన్ని రెండు కిలోలు చేయమని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏళ్లుగా చెబుతోంది. ఆ పని నవంబరు, డిసెంబరుల్లో అయిపోవాలి. ఫిబ్రవరిలో సంచులు చల్లి దాన్ని పూడ్చలేం.

వాన పడిపోయాక చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది. మొదట నీరు బయటికి తీయాలి. రేగడిలో బోదెలు తెంపి, వాలు చూసి కాలువ చేయాలి. తర్వాత ఎండ కోసం ఆగాలి. నేల అడుగు పెట్టనిచ్చేంత ఆరాక మెట్ట పైరుకు అంతరకృషి చేసి గాలి ఆడనివ్వాలి. వేరు ఇంకా కోలుకోకపోతే ఆకు ద్వారా కొద్దిగా తినిపించొచ్చు. లీటరు నీటికి 10 గ్రాముల 19-19-19, లేదా పూత, కాయ దశలో 13-0-45 అంతే మోతాదు. ఆకు తడి ఆరాక, మళ్లీ వాన లేదనుకున్న పూట కొట్టాలి. ఇదంతా అయి, కొత్త వేరు తెల్లగా కనిపించాకే నేలలో యూరియా. మెట్ట పైరుకైతే మొక్కకు పక్కగా వేసి మట్టి కప్పండి. చేతులూపుతూ పైపైన చల్లే పద్ధతి రేగడికి పనికిరాదు.

వాన సూచనను ఎలా చదవాలో కూడా ఒక మాట. వాతావరణ శాఖ “తేలికపాటి” అంటే రోజుకు 15.5 మిల్లీమీటర్ల లోపు. దున్నిన మెట్ట చేనుకు అది ప్రమాదం కాదు. “మోస్తరు” అంటే 64 మిల్లీమీటర్ల దాకా పోవచ్చు. ఆ మాట వినిపిస్తే చల్లడం ఆపాలి. “భారీ” అన్న మాట వస్తే ఇక చెప్పేదేముంది? మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ వాతావరణ బులెటిన్ వస్తుంది, ఫోన్లో మేఘదూత్ యాప్‌లో జిల్లా సూచన తెలుగులోనే దొరుకుతుంది. చలికాలం చివరి ఉరుముల వానలు ఒక మండలంలో పడి పక్క మండలాన్ని వదిలేస్తాయి కాబట్టి సూచన తప్పడం కూడా ఉంటుంది. తప్పితే రెండు రోజులు ఆలస్యం అంతే. నమ్మక చల్లితే పోయేది మొత్తం దఫా.

రైతు ఇదంతా తెలియక చేస్తున్నాడనుకుంటే అది అన్యాయం. 2025 వానాకాలంలో రాష్ట్రమంతటా సొసైటీల ముందు జరిగింది చూశాం. తెల్లవారకముందే వరుసలు, ఆ వరుసల్లో మనుషుల బదులు చెప్పులు, పట్టా పాస్‌బుక్కులు. రెండు సంచుల కోసం రెండు రోజులు నిలబడ్డ మనిషి ఇంటికొచ్చి వాతావరణ సూచన చూసుకుని ఆగుతాడా? దొరికిన రోజే చల్లేస్తాడు. మళ్లీ దొరకదేమోనన్న భయంతో రెట్టింపు చల్లుతాడు. దుకాణదారు యూరియా ఇవ్వాలంటే ఇంకేదో డబ్బా కూడా కొనాలని లంకె పెడితే, డబ్బు పెట్టి కొన్నాం కదా అని అది కూడా కలిపి కొడతాడు. ఇలా పైరు దశను బట్టి పడాల్సిన దఫా లారీ వచ్చిన తేదీని బట్టి పడుతోంది. ఎరువు వేసే వేళ తప్పడంలో సగం పాపం సరఫరాది. ఈ మాట ప్రభుత్వానికి రుచించకపోయినా చెప్పక తప్పదు. జిల్లాలో ఏ మండలంలో ఎన్ని ఎకరాల వరి ఏ వారంలో అంకురం దశకు వస్తుందో వ్యవసాయ శాఖ పంట నమోదు పుస్తకాల్లో ఉంది. ఆ వారానికి ఆ సొసైటీలో సంచులు ఉండాలి. లంకె పెట్టి అమ్మడంపై చర్యకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 నుంచీ చేతిలో ఉంది. రైతులూ బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు లేనిదే ఫిర్యాదు నిలవదు.

పశువుల గురించి చెప్పకపోతే ఈ హెచ్చరిక సగమే అవుతుంది. ఎండ లేని చల్లటి రోజుల్లో, నత్రజని ఎక్కువ పడ్డ జొన్న, మొక్కజొన్న చొప్పలో నైట్రేటు పేరుకుంటుంది. మొక్క దాన్ని మాంసకృత్తులుగా మార్చుకోవడానికి వెలుతురు కావాలి కదా. ఆ పచ్చి చొప్ప కడుపునిండా తిన్న పశువు ఊపిరాడక, రక్తం గోధుమ రంగుకు తిరిగి, గంటల్లో పడిపోవచ్చు. ముసురు పట్టిన రోజుల్లోనూ, యూరియా చల్లిన వెంటనేనూ పచ్చి జొన్న కోసి వేయకండి. వేయక తప్పకపోతే ఎండు గడ్డి ఎక్కువ కలిపి కొద్దికొద్దిగా వేయండి. అలాగే యూరియా కలిపిన బకెట్, డ్రమ్ము, ఖాళీ సంచి కడిగిన నీళ్ల తొట్టి పశువులకు, మేకలకు అందకుండా చూడండి. ఉప్పగా ఉంటుందని అవి నాకుతాయి. పశువు వణుకుతూ, నోట నురగ కక్కుతూ, కడుపు ఉబ్బితే ఆలస్యం చేయకుండా 1962కు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది.

చేను దాటిన ఎరువు ఊరు దాటుతుంది. మూసీ, ఈసీ పుట్టింది ఇక్కడి అనంతగిరి కొండల్లోనే. ఇక్కడి వాన నీరు ఉస్మాన్‌సాగర్‌కు, హిమాయత్‌సాగర్‌కు చేరుతుంది. తాండూరు పక్కన పారే కాగ్నా కర్ణాటకలో భీమా నదిలో కలుస్తుంది. అంతదూరం ఎందుకు, చెల్కలో కిందికి జారిన నైట్రేటు మొదట చేరేది ఆ చేలోని బోరులోకే, ఆ ఇంటి బిందెలోకే. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. డబ్బాపాలు తాగే పసిపిల్లలకు అంతకు మించితే ప్రాణాపాయం కలగొచ్చు. బోరు నీరు తాగే ఇళ్లలో ఒక్కసారైనా పరీక్ష చేయించండి.

చలీ వానా కలిసిన దేశాలు దీన్ని రైతు విచక్షణకు వదిలేయలేదు. యూరప్‌లో 1991 నుంచి నైట్రేట్లపై ప్రత్యేక చట్టముంది. ఐర్లండ్‌లో శీతాకాలం నెలల్లో రసాయన ఎరువు చల్లడం నిషేధం. మిగతా కాలంలో కూడా 48 గంటల్లో భారీ వాన సూచన ఉంటే చల్లకూడదు. మన దగ్గర అలాంటి నిషేధం కోరడం లేదు. కమతాలు చిన్నవి, అప్పులు పెద్దవి, తప్పంతా రైతు నెత్తిన రుద్దడానికి ఇంకో కాగితం దొరికినట్టవుతుంది. ఆ 48 గంటల నియమాన్ని మాత్రం మనంతట మనమే పాటించుకోవచ్చు. దానికి ఏ జీవో అక్కర్లేదు.

ప్రభుత్వం చేయాల్సింది మాత్రం చేసి తీరాలి. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. ఒక్కో వేదికకు ఐదు వేల ఎకరాల చొప్పున ఒక వ్యవసాయ విస్తరణాధికారి ఉన్నారు. వాన పడ్డాక పంట నష్టం రాసుకోవడానికి వచ్చే ఆ అధికారి, వాన సూచన వచ్చిన సాయంత్రమే ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక్క సందేశం పెట్టొచ్చు, గ్రామపంచాయతీ మైకులో చెప్పించొచ్చు. తాండూరులోని వ్యవసాయ పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలు ఈ నెలలోనే రేగడి గ్రామాలకు ఒకసారి, చెల్క గ్రామాలకు ఒకసారి వచ్చి, పసుపు ఆకులు చేతిలో పట్టుకుని తేడా చూపించాలి. ప్రతి ఎరువుల దుకాణంలో జింకు, ఇనుము, నత్రజని లోపాల రంగు బొమ్మలు గోడకు కట్టించడం జిల్లా వ్యవసాయ అధికారికి ఒక్క రోజు పని.

ఇవేవీ జరిగేదాకా ఆగలేని రైతు కిసాన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేయాలి. నంబరు 1800-180-1551. ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల దాకా తెలుగులోనే మాట్లాడతారు, కాల్‌కు డబ్బు పడదు.